ముహూర్తం ముందుకొచ్చింది, నెలలు ఇంకా నిండలేదు

విశాఖపట్నం కంచరపాలెం నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 26. మొదటి కాన్పు కాబట్టి సీమంతం అయ్యాక పుట్టింటికి వచ్చారు. భర్త హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగి. అత్తమామలు విజయనగరంలో ఉంటారు. నాన్నగారిది చిన్న కిరాణా కొట్టు.

బీపీ, షుగర్ ఏమీ లేవు, బిడ్డ తల కిందికే ఉంది. ఇంతవరకు అంతా సవ్యంగానే ఉన్నట్టు. ఈలోగా అత్తగారు సిద్ధాంతిగారి చేత ముహూర్తం పెట్టించారు. అది ఇంకో 16 రోజుల్లో ఉంది. డాక్టర్ చెప్పిన తేదీకి దగ్గర్లో జ్యేష్ఠ, మూల నక్షత్రాలు వస్తున్నాయి కాబట్టి ఆ లోపే ఆపరేషన్ చేయించాలని ఆవిడ పట్టు. చూపించుకుంటున్న ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే, "మీకు కావాలంటే చేసేద్దాం, నెలలు నిండినట్టే" అన్నారు. ప్యాకేజీ లక్షా పది వేలు. బిడ్డను ఐసీయూలో పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు వేరే. మొదటి కాన్పు ఖర్చు పుట్టింటివాళ్లదే కాబట్టి నాన్నగారు అమ్మ గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడ్డారు. అమ్మ మాత్రం విశాఖలోని ప్రభుత్వ ఆసుపత్రి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) పేరెత్తి, "నిన్ను కేజీహెచ్‌లోనే కన్నాను, అక్కడికే పోదాం" అంటున్నారు. దానికి అత్తగారు, "మా మనవణ్ణి ధర్మాసుపత్రిలో కంటారా" అన్నారట. భర్తను అడిగితే "నీ ఇష్టం" అని ఫోన్ పెట్టేస్తున్నారు.

చేతిలో ఉన్న రెండు స్కాన్ కాగితాల్లో వారాల లెక్క కలవడం లేదని కూడా రాశారు. ఎనిమిదో వారంలో తీసిన మొదటి స్కాన్ ప్రకారం ఇప్పుడు 35 వారాల 1 రోజు. పోయిన వారం తీసిన స్కాన్ ప్రకారం 9 రోజులు ఎక్కువ. ఇక చివర్లో, సంతకానికి పైన, రెండు మాటలు. "హిమోగ్లోబిన్ 9.2 ఉందన్నారు. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని పక్కింటావిడ అంటే మానేశాను." "నిజం చెప్పాలంటే నొప్పులంటే నాకే చచ్చేంత భయం. ఆపరేషనే మేలేమో అని నాకూ అనిపిస్తోంది. అత్తగారి మాట వింటే తప్పా?"

అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా తక్కువ చోటు ఇచ్చిన విషయంతోనే మొదలుపెడతాను. అది మీ రక్తం సంగతి.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11కి తగ్గకూడదు. 10 కంటే తగ్గితే ఓ మోస్తరు రక్తహీనత కింద లెక్క. 9.2తో రోజులు గడిచిపోతాయి, అలసట తప్ప పెద్దగా ఏమీ తెలియదు. అసలు ఇబ్బంది కాన్పు రోజున వస్తుంది. ఏ కాన్పులోనైనా రక్తం పోతుంది, సిజేరియన్‌లో ఇంకా ఎక్కువ పోతుంది. ఒంట్లో నిల్వ లేని మనిషికి అది కొంచెం ఎక్కువగా పోయినా ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంట్లో తిథి, నక్షత్రం, గొలుసు, ఆసుపత్రి పరువు అన్నీ చర్చకు వచ్చాయి గానీ ఈ 9.2 గురించి ఒక్కరూ మాట్లాడినట్టు లేదు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఐరన్ మాత్రకూ బిడ్డ రంగుకూ ఏ సంబంధమూ లేదు. రంగు తల్లిదండ్రుల నుంచి వచ్చేది. మాత్రలు వేసుకున్నప్పుడు విరేచనం నల్లగా అవుతుంది, అది మామూలే, బహుశా ఆ మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. ఈ రాత్రి నుంచే మళ్లీ మొదలుపెట్టండి. టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. కాల్షియం మాత్రకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతోనో, ఉసిరికాయ తిన్నాకో వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. అయితే మీకు ఉన్న సమయం తక్కువ. మాత్రలతో మాత్రమే అందుకోవడం కష్టం కావచ్చు. ఇన్ని వారాలు నిండాక రక్తం తక్కువగా ఉంటే ఐరన్‌ను సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే పద్ధతి ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ చేస్తారు. అది మీకు సరిపడుతుందో లేదో డాక్టర్‌ను ఈ వారంలోనే అడగండి, వచ్చే చెకప్ దాకా ఆగవద్దు.

ఇక ముహూర్తం. ఎప్పుడు కనాలి, ఎలా కనాలి, ఎక్కడ కనాలి, ఎవరి డబ్బుతో కనాలి అన్నవి నాలుగు వేర్వేరు ప్రశ్నలు. మీ ఇంట్లో నాలుగింటినీ కలిపేసి, ఒప్పుకుంటావా లేదా అని అడుగుతున్నారు. అందుకే మీకు ఊపిరాడటం లేదు. విడివిడిగా చూస్తే ఒక్కోదానికీ దారి కనిపిస్తుంది.

మొదట "ఎప్పుడు" అన్నది. రెండు స్కాన్లలో దేన్ని నమ్మాలి? మొదటిదాన్నే. తొలి మూడు నెలల్లో పిండాలన్నీ దాదాపు ఒకే కొలతలో పెరుగుతాయి, అందుకే అప్పటి స్కాన్ చెప్పే వారాల్లో తేడా వస్తే మామూలుగా వారం రోజులకు మించదు. చివరి నెలల్లో ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా పెరుగుతుంది. అప్పటి స్కాన్ బిడ్డ పరిమాణాన్ని కొలిచి వారాలు అంచనా వేస్తుంది. బిడ్డ కాస్త బొద్దుగా ఉంటే వారాలు ఎక్కువ చూపిస్తుంది. అక్కడ రెండు మూడు వారాల తేడా రావడం వింతేమీ కాదు. అంటే ముహూర్తం నాటికి మీకు నిండేది 37 వారాల 3 రోజులు. పోయిన వారం స్కాన్ లెక్కలో అది 38 వారాల 5 రోజులు. "నెలలు నిండినట్టే" అన్న మాట ఏ కాగితం చూసి అన్నారో ఆ డాక్టర్‌నే అడగాలి. రెండు స్కాన్లూ పక్కపక్కన పెట్టి, "మేడమ్, నా అసలు తేదీ ఏది? కేస్‌షీట్‌లో ఏది రాశారు?" అని అడగండి. బిడ్డ తొమ్మిది రోజులు పెద్దగా కనిపిస్తోంది కాబట్టి షుగర్ పరీక్ష మళ్లీ చేయాలా అని కూడా అడగండి.

37కూ 39కూ మధ్య రెండు వారాలే కదా అనిపిస్తుంది. ఆ రెండు వారాల్లో జరిగే పని చాలా ఉంది. గర్భంలో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో నీరు ఉంటుంది. నొప్పులు వచ్చినప్పుడు తల్లీబిడ్డల ఒంట్లో పుట్టే హార్మోన్లు ఆ నీటిని ఇంకిపోయేలా చేస్తాయి. నొప్పులే రాకుండా, అదీ 39 వారాల లోపు, కోసి తీస్తే ఆ నీరు కొంత మిగిలిపోయి బిడ్డ ఎగశ్వాస పీల్చే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి పిల్లల్లో చాలామంది రెండు మూడు రోజుల్లో తేరుకుంటారు. కానీ ఆ రోజులు ఐసీయూలో గడుస్తాయి. ఒంటి వేడి నిలవకపోవడం, రక్తంలో షుగర్ పడిపోవడం, పచ్చకామెర్లు, పాలు పట్టలేకపోవడం కూడా తొందరగా పుట్టిన పిల్లల్లో ఎక్కువ. ఇప్పుడు మీకు నడుస్తున్న 35వ వారంలో బిడ్డ మెదడు బరువు, నెలలు పూర్తిగా నిండాక ఉండే బరువులో మూడింట రెండొంతులే. అందుకే వైద్య కారణం లేకుండా ముందే నిర్ణయించి చేసే సిజేరియన్ 39 వారాలకు ముందు వద్దని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాలూ, అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమూ చెబుతున్నాయి.

ఈ మాట అత్తగారికి ఎలా చెప్పాలి అంటే, నేనైతే వారాల ఊసే ఎత్తను. మన పెద్దవాళ్ల లెక్క తొమ్మిది నెలల తొమ్మిది రోజులు. ఆఖరి బహిష్టు నుంచి అలా లెక్కపెడితే ఇంచుమించు 40 వారాల దగ్గరకే వస్తుంది. మీ అత్తగారి అత్తగారు ఒప్పుకునే లెక్క కూడా అదే. ఆ లెక్కలో చూసినా ఈ ముహూర్తం దాదాపు మూడు వారాలు ముందుంది. ఆవిడ నమ్మకాన్ని తీసిపారేయవద్దు. మనవడో మనవరాలో చల్లగా ఉండాలన్న ఆరాటమే ఆవిడను సిద్ధాంతి దగ్గరకు పంపింది. మూలా నక్షత్రంలో పుడితే శాంతి చేయించుకునే పద్ధతి ఆ శాస్త్రంలోనే ఉంది. ఆ మాట ఆవిడ సిద్ధాంతిగారి నోటే వినిపిస్తే ఇంకా మంచిది. నెలలు నిండకుండా పుట్టించిన బిడ్డ ఆయాసపడుతుంటే శాంతి చేయించి ఊరుకోలేం.

నడిమి దారి ఒకటుంది. 39 వారాలు దాటాక నిజంగానే సిజేరియన్ అవసరమని డాక్టర్ చెబితే, అప్పుడు డాక్టర్ ఇచ్చే నాలుగైదు రోజుల గడువులో మంచి రోజు చూసుకోమనండి. అందులో ఎవరికీ నష్టం లేదు. ముందు వైద్యం గడువు చెప్పాలి, ఆ గడువులో పంచాంగం రోజు చెప్పాలి. ఈ వరుస ఒప్పుకుంటే చాలామంది అత్తగార్లతో పేచీ ఉండదు. మధ్యలో నొప్పులు వాటంతట అవే వస్తే మాత్రం రాహుకాలమైనా సరే బయల్దేరాల్సిందే. అది ముందే అందరి ముందూ చెప్పి ఉంచండి.

ఇప్పుడు "ఎలా". నొప్పులంటే భయమని రాశారు. అది ఒప్పుకున్నందుకు మీ మీద నాకు గౌరవం పెరిగింది. ఆ భయం మీ ఒక్కరిదే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో నూటికి 21, 22 కాన్పులు సిజేరియన్ అయితే ఆంధ్రప్రదేశ్‌లో 42. మన రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో 60 దాటింది. మన ఆడవాళ్ల ఒళ్లు మిగతా దేశం ఆడవాళ్ల కన్నా భిన్నమైనదేమీ కాదు కదా. ముహూర్తాలు, భయాలు, ఆసుపత్రుల తొందర, బిల్లు, అన్నీ కలిసి ఆ అంకె అక్కడికి చేరిందని నా అభిప్రాయం.

సిజేరియన్ చెడ్డదని నేను అనను. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ గర్భసంచి ముఖద్వారానికి అడ్డం పడినా, నొప్పుల మధ్యలో బిడ్డ గుండె చప్పుడు తగ్గిపోయినా, ఆ ఆపరేషనే ఇద్దరి ప్రాణాలూ నిలబెడుతుంది. అప్పుడు ఒక్క నిమిషం కూడా తటపటాయించవద్దు. కానీ అది నొప్పి లేని దారి మాత్రం కాదు. నొప్పి ఆపరేషన్ తర్వాతికి జరుగుతుంది, అంతే. లేవాలన్నా, దగ్గాలన్నా, బిడ్డను ఎత్తుకోవాలన్నా కుట్లు లాగుతాయి. చీము పట్టడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటివి మామూలు కాన్పులో కన్నా ఎక్కువ. ఇంకో బిడ్డ కావాలనుకుంటే, వచ్చేసారి మాయ పాత కుట్టు మీద అతుక్కునే ప్రమాదం కొంత పెరుగుతుంది. సిజేరియన్ అయిన ప్రతిసారీ అది ఇంకొంచెం పెరుగుతుంది. మీ వయసు 26, ఇది మీకు మొదటి కాన్పు. ఈ ఒక్కరోజు గురించే కాక ముందున్న కాన్పుల గురించి కూడా ఆలోచించాలి.

నొప్పుల సంగతికి వస్తే, అవి ఆగకుండా ఉండవు. వస్తాయి, పోతాయి, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. మొదటి కాన్పుకి పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. నడుముకి ఇచ్చే ఎపిడ్యురల్ ఇంజెక్షన్‌తో నొప్పి చాలామటుకు తగ్గుతుంది. అది మీ ఆసుపత్రిలో ఉందా, అర్ధరాత్రి కూడా మత్తు డాక్టర్ దొరుకుతారా, ఎంత తీసుకుంటారు అని అడగండి. ఇంకొకటి. పక్కన అయినవాళ్లు ఒకరు ఉంటే కాన్పు తేలికవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో 2017లో మొదలైన లక్ష్య కార్యక్రమం కింద ప్రభుత్వ లేబర్ రూముల్లోనూ తోడుగా ఒకరిని ఉండనివ్వాలి. మీ పక్కన అమ్మ ఉంటారా, అక్క ఉంటారా? ఎవరు ఉంటే మీకు ధైర్యమో మీరే తేల్చుకోండి. ఇవన్నీ తెలుసుకున్నాక కూడా ఆపరేషనే కావాలని మీకు గట్టిగా అనిపిస్తే, అది కూడా మీ నిర్ణయమే. దాచుకోకుండా డాక్టర్‌తో చెప్పండి, కానీ 39 వారాలు నిండాక. భయంతో తీసుకున్న నిర్ణయాన్ని అత్తగారి మాట కింద దాచవద్దు. అలా చేస్తే రేపు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ఆ నింద ఆవిడ మీదికి పోతుంది, మీ ఇద్దరి మధ్య అది ఎప్పటికీ మిగిలిపోతుంది.

"ఎక్కడ" అన్నదాంట్లో అమ్మా, అత్తగారూ ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. కేజీహెచ్ 1923 నుంచి ఉన్న ఆసుపత్రి. ఆంధ్ర వైద్య కళాశాల దానికి అనుబంధం. శ్రీకాకుళం నుంచి, మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి చిక్కు కేసులన్నీ చివరికి అక్కడికే వస్తాయి. అందువల్ల చేయి తిరిగిన డాక్టర్లు, రక్తనిధి, పసిపిల్లల వార్డు ఒకే ప్రాంగణంలో ఉంటాయి. అందువల్లే రద్దీ కూడా ఉంటుంది. విడిగా గది, పదిమంది చుట్టాలు వచ్చి కూర్చునే వీలు ఆశించవద్దు. కాన్పులకే పేరున్నది పాత ఊళ్లోని విక్టోరియా ఆసుపత్రి, మనవాళ్లు ఘోషాసుపత్రి అంటారు, అది కూడా చూడవచ్చు. 2011లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, అది సిజేరియన్ అయినా సరే, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ఇంటికి తిరిగి రావడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉంటుంది.

ప్రైవేటులో గది, శుభ్రత, అడిగితే పలికే మనిషి దొరుకుతారు. మీకు తెలిసిన డాక్టరే ఉంటారన్న ధైర్యమూ ఉంటుంది. కానీ అసలు అడగాల్సినవి గది గురించి కాదు. రాత్రి రెండింటికి డ్యూటీలో ఎవరుంటారు? రక్తం కావాల్సి వస్తే ఎక్కడి నుంచి తెస్తారు, ఎంతసేపు పడుతుంది? పసిపిల్లల ఐసీయూ అదే భవనంలో ఉందా? లేకపోతే బిడ్డను ఎక్కడికి పంపుతారు? 9.2 హిమోగ్లోబిన్ ఉన్న మీకు రక్తం ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. దీనికి సూటిగా జవాబు చెప్పని చోట గది ఎంత బాగున్నా నేను వెళ్లమనను.

రెండిట్లో ఒకటి ఇప్పుడే తేల్చేయనవసరం లేదు. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నెలలు నిండుతున్న గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. ప్రైవేటులో చూపించుకుంటున్నా వెళ్లవచ్చు. అమ్మను తీసుకుని, స్కాన్లు, రక్తపరీక్షలు పట్టుకుని ఒకసారి వెళ్లండి. ఇంకో డాక్టర్ మాట విన్నట్టూ అవుతుంది, అక్కడ మీ పేరు నమోదైనట్టూ అవుతుంది. రేపు అత్యవసరమై అక్కడికే వెళ్లాల్సి వస్తే కొత్త మనిషిలా నిలబడనక్కర్లేదు. మీ కాగితాల నకళ్లు ఇమ్మని ప్రైవేటు ఆసుపత్రిని అడిగే హక్కు మీకుంది. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. మొదటి కాన్పు పుట్టింటిదే అన్నది ఆనవాయితీ, అంతకుమించి ఏమీ కాదు. మీ ఆయన కంపెనీ ఇన్సూరెన్స్‌లో ప్రసూతి ఖర్చు వస్తుందా, ఎంతవరకు వస్తుంది అని ఆయన ఒక మెయిల్ పెడితే రేపటికి తెలుస్తుంది. రేషన్ కార్డు ఉంటే రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మొదటి బిడ్డకు కేంద్రం ఇచ్చే మాతృ వందన 5,000 రూపాయలకు మీకు అర్హత ఉందో లేదో అంగన్‌వాడీ టీచర్ చూసి చెబుతారు. ఇవన్నీ తెలియకముందే అమ్మ గొలుసు షాపుకి చేరకూడదు. అత్తగారు కోరిన ఆసుపత్రికి, అత్తగారు కోరిన రోజుకి నాన్నగారు వడ్డీ కట్టడం న్యాయం కాదు. ఈ మాట మీరు అనలేకపోవచ్చు. మీ ఆయన అనాలి.

ఆయన గురించే ఆఖరుగా. "నీ ఇష్టం" అన్నది మీకు స్వేచ్ఛ ఇచ్చినట్టు వినిపిస్తుంది గానీ, నిజానికి వాళ్ల అమ్మకు జవాబు చెప్పే బరువు మీ నెత్తిన పెట్టడమే. బహుశా ఆయనకూ భయంగానే ఉండి ఉంటుంది, పైగా దూరంగా ఉన్నారు. ఫోన్‌లో "ఏం చేద్దాం" అని అడగవద్దు, ఆయన మళ్లీ అదే అంటారు. చేయాల్సిన పని చెప్పండి: "శనివారం రాత్రి బస్సెక్కి రండి. సోమవారం డాక్టర్ దగ్గరకు ఇద్దరం వెళ్దాం. బయటికొచ్చాక డాక్టర్ అన్నది అత్తయ్యకు మీరే ఫోన్ చేసి చెప్పండి." కొడుకు నోటి నుంచి వస్తే ఆవిడ వింటారు. కోడలు చెబితే అదే మాట ధిక్కారమవుతుంది. ఇది అన్యాయమే, కానీ 16 రోజుల్లో మార్చగలిగేది కాదు కాబట్టి ఉన్నదాన్నే వాడుకోండి.

ఒకవేళ ఆయన రాకపోతే, అందరూ ఒకటైపోతే? ఆపరేషన్ అంగీకార పత్రం మీద ఉండాల్సింది మీ సంతకం. తన నిర్ణయం తాను తీసుకోగల, మేజరైన మనిషి బదులు అమ్మ చేసిన సంతకం కూడా చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అత్తగారి సంతకమైనా, భర్త సంతకమైనా అంతే. గొడవ పడమని కాదు, మీ చేతిలో ఏముందో మీకు తెలియాలని చెబుతున్నాను. డాక్టర్‌తో ఒంటరిగా అయిదు నిమిషాలు మాట్లాడి, "నాకు వైద్య కారణం ఏమైనా ఉందా? ఉంటే రాయండి. లేకపోతే నేను ఆగుతాను" అంటే చాలు. కారణం నిజంగా ఉంటే రాస్తారు, అప్పుడు ఈ ఉత్తరంలో నేను చెప్పినదంతా పక్కన పెట్టి ఆ డాక్టర్ మాటే వినండి.

మీరడిగిన ప్రశ్నకు జవాబు: అత్తగారి మాట వినడం తప్పు కాదు. మీ రక్తం పెరగకముందు, బిడ్డకు నెలలు నిండకముందు ఆ మాట మీద ఆపరేషన్ బల్ల ఎక్కవద్దని మాత్రం వేడుకుంటున్నాను.

ఈ లోపు బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, తల పగిలిపోయేలా నొప్పి వచ్చి చూపు మసకబారినా, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా ఎవరి అనుమతి కోసమూ చూడకుండా బయల్దేరండి. అర్ధరాత్రి ఆటో దొరకలేదని ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి. కాగితాలు, రెండు పాత నూలు చీరలు, బిడ్డకు మెత్తటి గుడ్డలు ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టుకోండి. మీ రక్తపు గ్రూపు ఉన్నవాళ్లు ఇద్దరు ఎవరో కనుక్కుని, వాళ్ల నంబర్లు అమ్మ ఫోన్‌లో వేయించండి.